మూడో సొరంగం దగ్గర మూడు దెబ్బలు

పొద్దు గూకాక పలకల గని వైపు ఆ ఊళ్ళో ఎవరూ వెళ్ళరు. పగలైనా అంతే, తప్పని పనుంటేనే.

రోడ్డు కొండెక్కే మలుపులో తుప్పు పట్టిన గేటు ఒకటి ఉంటుంది. గేటు దాటితే అన్నీ నల్లటి రాతి ముక్కల గుట్టలే. ఇంటి కప్పుకి పనికొచ్చే పలక ఒకటి తియ్యాలంటే పనికిరాని రాయి పదింతలు పారెయ్యాలట. అలా వందేళ్ళు పారేసిన రాయి అది. గుట్టల మధ్య నుంచి ట్రాలీల పట్టాలు. పట్టాల చివర, రాతిని పలకలుగా చీల్చిన పాత షెడ్డు. షెడ్డు వెనక, కొండ కడుపులోకి పోయే మూడో సొరంగం.

ఆ సొరంగం మూతికి అడ్డంగా గోడ కట్టి అరవై మూడేళ్ళయింది.

చీకటి పడ్డాక ఆ గోడ దగ్గర చప్పుడవుతుందంటారు.

టక్... టక్... టక్.

సరిగ్గా మూడు. కాసేపు ఆగుతుంది — ఎవరో జవాబు కోసం చూస్తున్నట్టు. మళ్ళీ మూడు.

తప్పిపోయిన మేకని వెతుక్కుంటూ వెళ్ళిన ఒకాయన విన్నాడు. మేకనక్కడే వదిలేసి ఇంటికొచ్చి పడ్డాడు. పందెం కాసి వెళ్ళిన లారీ డ్రైవరు ఒకడు విన్నాడు. ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో లైటు ఆర్పనివ్వలేదని వాళ్ళావిడ చెప్పుకుని నవ్వేది, కానీ ఆవిడా ఆ గేటు దాకా వెళ్ళిన పాపాన పోలేదు. విన్నవాళ్ళంతా మూడు అనే చెప్పారు. మూడు తర్వాత ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. అంతసేపు అక్కడ నిలబడ్డ మనిషి లేడు మరి.

ఒక్క మనిషి నిలబడింది. ఆ ఊరి హైస్కూల్లో చరిత్ర చెప్పే టీచరు. ఇది ఆవిడకి జరిగిన సంగతి.

ఆవిడ దెయ్యాల కోసం వెళ్ళలేదు. ఆ యేడు స్కూలు కప్పు మార్చి రేకులు వేస్తున్నారు. పాత పలకల్ని పైనుంచి కిందికి విసిరేస్తుంటే, విరిగిన ముక్కలు మైదానం నిండా పడుతుంటే, పదో తరగతి పిల్ల ఒకతి అడిగింది — "టీచర్, ఇవి ఎవరు చేశారు?" అని. రాజుల పేర్లు తారీఖులతో సహా అప్పజెప్పే మనిషి, తన నెత్తి మీద ఇరవై ఏళ్ళుగా ఉన్న కప్పు ఎవరు వేశారంటే చెప్పలేకపోయింది. ఆ సిగ్గే ఆవిణ్ణి కదిలించింది. ఊరి గని చరిత్ర రాద్దామని కూర్చుంది.

అప్పుడు పట్టుకుంది కప్పు తాతని.

కప్పు తాత అంటే టీ కప్పు కాదు, ఇంటి కప్పు. ఆ ఊళ్ళో పలకలతో కప్పు వెయ్యడం తెలిసిన ఆఖరి మనిషి. ఎనభై ఐదేళ్ళుంటాయి. సన్నగా, నిచ్చెనలా ఉండేవాడు. ఇరవై ఏళ్ళ కిందటే చెవులు పూర్తిగా పోయాయి. వెలుతురులో ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకునేవాడు. తన గొంతు తనకే వినపడదు కనక, ఎక్కడ గట్టిగా అరుస్తాడోనని భయపడి, ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడేవాడు. ఆయనతో అరగంట కూర్చుంటే అవతలివాళ్ళకీ గొంతు తగ్గిపోయేది.

"రాయి పచ్చిగా ఉన్నప్పుడే చీల్చాలమ్మా" అనేవాడు. "ఆరిందా, మొండికేస్తుంది. ఎంత కొట్టినా మాట వినదు."

పెద్ద పలకని పెద్దమ్మ అంటారనీ, మధ్యదాన్ని నడిపమ్మ అనీ, చిన్నదాన్ని చిట్టి అనీ చెప్పాడు. చూరు దగ్గర పెద్దమ్మలు, పైకి పోయేకొద్దీ నడిపమ్మలు, శిఖరాన చిట్టిలు. "పెద్దవాళ్ళు కింద ఉండి బరువు మొయ్యాలి. ఇల్లన్నా అంతే, కప్పన్నా అంతే" అని నవ్వేవాడు. స్టేషను కప్పు, ఆస్పత్రి కప్పు, కోర్టు కప్పు... దేనికి ఎన్ని వేల పలకలు పట్టాయో, ఎక్కడ ఎవరు జారిపడ్డారో వేళ్ళ మీద చెప్పేవాడు. టీచరు రెండు నోటు పుస్తకాలు నింపింది.

గని మీదికి మాట మళ్ళిస్తే మాత్రం — "నేను కప్పుల వాణ్ణమ్మా, గని సంగతి నాకేం తెలుసు" అనేసేవాడు.

గని సంగతి కాయితాల్లో దొరికింది. కంపెనీ ఎత్తేసినప్పుడు మిగిలిన కట్టలు లైబ్రరీ మేడ మీద చెక్క బీరువాలో పడున్నాయి. ఆదివారాలు ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆ దుమ్ములో కూర్చునేది. అక్కడ దొరికింది మూడో సొరంగం ప్రమాదం మీద మేనేజరు రాసిన రిపోర్టు. 'మధ్యాహ్నం సొరంగం పైకప్పు కూలింది. లోపల ఉన్న తొమ్మిది మందీ తక్షణమే మరణించారు. వెలికితీత అసాధ్యం. మూతిని గోడతో మూసివేయడమైనది.'

ఆ తొమ్మిది మందిలో ఒకాయన ఆవిడ తాత. అమ్మకి నాన్న.

ఇది ఆవిడకి తెలియని విషయం కాదు. ఇంట్లో గోడ మీద ఫొటో కూడా లేని తాత ఆయన. అందుకే ఆ నాలుగు వాక్యాలూ చదివి, ఒక నిట్టూర్పు విడిచి, పేజీ తిప్పింది. రిపోర్టు కింద ఇంకో కాయితం ఉంది. చిన్న ఆర్డరు. ప్రమాదం జరిగిన మర్నాటి తారీఖు.

'నేటి నుండి పదిహేను రోజుల పాటు మూడో సొరంగం దరిదాపులకు ఎవరూ రాకూడదు. మృతుల బంధువులను అసలు రానీయకూడదు. రాత్రి కాపలా ఒక్కడే ఉండాలి.'

ఆవిడ ఆ కాయితాన్ని చాలాసేపు చూసింది. ఎప్పుడూ పిల్లలకి చెప్పే మాటే — కాయితం ఏం చెప్పిందో కాదు, ఎందుకు చెప్పాల్సొచ్చిందో చూడండి అని.

చనిపోయినవాళ్ళ దగ్గరికి బంధువుల్ని ఎందుకు రానివ్వకూడదు? అదీ... పదిహేను రోజులు?

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, అప్పుడు మనవాళ్ళెవర్నీ సొరంగం దగ్గరికి రానివ్వలేదా అని అమ్మని అడిగింది. అమ్మ వంటింట్లో బీన్సు తుంచుతోంది.

"మీ అమ్మమ్మ వెళ్ళింది కదే" అంది అమ్మ, తల ఎత్తకుండా.

"ఎక్కడికి?"

"సొరంగం దగ్గరికి. నాలుగో రోజు. నాకప్పుడు మూడు నెలలట. నన్ను చంకనేసుకుని, లాంతరు పట్టుకుని, గుట్టల వెనకనుంచి దొంగదారిన వెళ్ళిందట. మనిషెలాగూ లేడు, ఆ చోటన్నా చూసొద్దామని."

"చూసిందా?"

"చూళ్ళేదు. లోపల్నించి చప్పుడు వినపడిందట — రాయి మీద రాయి కొట్టినట్టు. అక్కడున్న కాపలా మనిషి అడ్డమొచ్చి, అది మనిషి కాదమ్మా, దెయ్యం, నువ్వు పలికావంటే పసిబిడ్డని పట్టుకుపోతుంది, వెళ్ళిపో అన్నాడట. అంతే. వెనక్కి చూడకుండా పరుగెత్తింది. మళ్ళీ జన్మలో ఆ గేటు దాటలేదు." అమ్మ తుంచిన ముక్కలు గిన్నెలో వేసింది. "ఊళ్ళో దెయ్యం ఉందని మొదట చెప్పింది మీ అమ్మమ్మే తెలుసా? అదో గొప్ప ఆవిడకి."

టీచరు లేచింది. నీళ్ళు తాగుదామని గ్లాసు తీసుకుంది. గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

నాలుగో రోజు. లోపల్నించి చప్పుడు.

అమ్మ ఇంకా బీన్సు తుంచుతూనే ఉంది. అరవై మూడేళ్ళుగా ఆ ఇంట్లో అది దెయ్యం కథగానే నడుస్తోంది. ఎవరికీ — ఇంట్లో ఎవరికీ — ఇంకో ఆలోచనే రాలేదు. ఇప్పుడు టీచరుకి వచ్చింది. వచ్చాక దాన్ని వెనక్కి పంపడం కుదర్లేదు.

మర్నాడు కప్పు తాత దగ్గరికి వెళ్ళింది. ఆయన అరుగు మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క మాటే పెదాలతో దిద్దినట్టు అడిగింది.

"తాతా... మూడో సొరంగం కూలినప్పుడు... అక్కడ రాత్రి కాపలా ఎవరు?"

ఆయన ఆవిడ పెదాలు చూశాడు. చూసి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

చెవిటివాడు మొహం తిప్పుకుంటే ఇక మాట లేనట్టే. ఆవిడ ఇంకా అరగంట కూర్చుంది. ఆయన ఇటు తిరగలేదు.

ఆ వారంలోనే ఒక రోజు స్కూలు వదిలాక, ఇంటికి వెళ్ళకుండా, టీచరు కొండ వైపు నడిచింది. చలికాలం. ఆరున్నరకే చీకటి. చేతిసంచిలో నోటు పుస్తకం, టార్చి. గోడ మీద కట్టిన తారీఖు చెక్కి ఉంటుందేమో రాసుకుందామని వెళ్తున్నానని తనకి తాను చెప్పుకుంది. అబద్ధమేం కాదు... మొత్తం నిజమూ కాదు.

గేటు సందులోంచి దూరింది.

గుట్టల మధ్య మంచు దిగుతోంది. అడుగేస్తే చాలు — కాలి కింద పలక ముక్కలు జారి, ఆ జారినవి ఇంకొన్నింటిని జార్చి, గుట్ట మొత్తం గొణుక్కుంటున్నట్టు సన్నటి చప్పుడు. ఆవిడ ఆగితే అదీ ఆగేది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

షెడ్డు వచ్చింది. సగం కప్పు లేదు. ఊరందరికీ కప్పులిచ్చిన షెడ్డుకి దాని కప్పు మిగల్లేదు. లోపల, చీల్చేవాళ్ళు కూర్చున్న రాతి దిమ్మలు వరసగా ఉన్నాయి. ఒక్కో దిమ్మ ముందూ నేల గుంటపడి ఉంది — ఏళ్ళ తరబడి ఒకే చోట మడమ ఆనించి కూర్చున్న గుర్తు.

టార్చి ఆ గుంటల మీద ఆడిస్తుండగా వినపడింది.

టక్.

ఆవిడ టార్చి ఆడించడం ఆపింది.

టక్... టక్.

షెడ్డు వెనక నుంచి.

నిశ్శబ్దం. ఎక్కడో రాతి సందులో నీరు పారుతున్న చప్పుడు. వెళ్ళిపోవచ్చు. పట్టాల వెంట పరుగెత్తితే పది నిమిషాల్లో రోడ్డు. ఆ పది నిమిషాలే అమ్మమ్మ ఒకసారి పరుగెత్తింది.

టార్చి ఆర్పి, గోడ పట్టుకుని, షెడ్డు వెనక్కి నడిచింది.

సొరంగం మూతి ముందు ఎవరో ఉన్నారు.

నేల మీద కూర్చుని ఉన్నారు. వీపు ఇటు. మంచులో తల మాత్రం కొద్దిగా కదులుతోంది. చెయ్యి లేచింది, పడింది. టక్... టక్... టక్.

"ఎవరది?" అంది ఆవిడ. మళ్ళీ అంది, ఈసారి కాస్త గట్టిగా. "ఎవరు?"

ఆ ఆకారం తిరగలేదు. కదల్లేదు కూడా. మాటలు దాన్ని తాకనే లేదన్నట్టు అలాగే కూర్చుంది.

ఆవిడ అడుగు ముందుకేసింది. కాలి కింద పలక ఫెళ్ళున విరిగింది — కొండంతా వినపడేంత చప్పుడు. అయినా తిరగలేదు.

చెయ్యి లేచింది. టక్... టక్... టక్.

టార్చి నొక్కింది. వెలుతురు గోడ మీద పడింది. గోడకి ఆనించిన ముడతల అరచెయ్యి మీద పడింది. అప్పుడు ఆ మనిషి తిరిగాడు.

కప్పు తాత.

ఆవిడ అక్కడే కూలబడింది. నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్ళు ఊరిని హడలగొట్టిన దెయ్యం... చేతిలో కొయ్య సుత్తి పట్టుకున్న చెవిటి ముసలాయన.

ఆయన మాత్రం నవ్వలేదు. ఉలిక్కిపడనూ లేదు.

"వస్తావనుకున్నాను" అన్నాడు, ఎప్పటిలాగే గుసగుసగా. "కాపలా ఎవరని అడిగావు కదా."

ఆవిడ తల ఊపింది.

"నేనే."

చాలాసేపు ఆయనే మాట్లాడాడు. ఆవిడ టార్చిని ఇద్దరి మధ్యా నేల మీద పెట్టింది. ఆ వెలుతురులో ఆయన మొహం గడ్డం దాకానే కనపడేది, పైన చీకటి.

"నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. కాపలా పని దొరికి నెల కాలేదు. కూలిన రాత్రి నన్నొక్కణ్ణే ఇక్కడ కూర్చోబెట్టారు. భయమేసి, పొద్దుపోక, రాయి తీసుకుని ఊరికే కొట్టాను. మూడు దెబ్బలు. లోపల్నించి జవాబొచ్చింది."

అరచెయ్యి గోడకి ఆనించాడు.

"తొమ్మిది. లెక్కపెట్టాను. మళ్ళీ మూడు కొట్టాను. మళ్ళీ తొమ్మిది. తలకో దెబ్బ తల్లీ. అందరం ఉన్నాం అని చెబుతున్నారు."

టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పరుగెత్తుకెళ్ళి మేనేజరుని లేపాను. వచ్చాడు. విన్నాడు. ఆ గట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. చెడ్డవాడని అనలేను... ఏమో. తవ్వాలంటే ఇరవై రోజులన్నాడు. అన్నాళ్ళు వాళ్ళు బతకరన్నాడు. ఊళ్ళో తెలిస్తే జనం గడ్డపారలేసుకుని వచ్చి పడతారు, పైన రాయింకా వదులుగా ఉంది, తొమ్మిది మందితో పోయేది నలభై మంది అవుతుందన్నాడు. ఎవరన్నా చప్పుడు వింటే దెయ్యమని చెప్పు అన్నాడు. ఆ మాట ఆయనదే. చెప్పిన నోరు నాది."

"మా అమ్మమ్మకి" అంది ఆవిడ. టార్చి తన మీద లేదు. ఆయన చూళ్ళేదు. అయినా జవాబు చెప్పాడు.

"నాలుగో రాత్రి ఒకావిడ వచ్చింది. పసిపిల్లని ఎత్తుకుని. అప్పుడు కొడుతున్నారు — ఎనిమిది. తొమ్మిది కాదు, ఎనిమిది. ఆ ఎనిమిదిలో వాళ్ళాయన ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఏమిటా చప్పుడు బాబూ అంది. నేను చెప్పాను." గొంతు ఇంకా తగ్గింది. "ఇంకేమీ అడగలేదు. నమ్మింది. కాస్త అనుమానపడినా బాగుండేది. ఒక్కసారి గట్టిగా పేరు పెట్టి పిలిచినా..."

గుట్ట మీద ఎక్కడో ఒక ముక్క జారింది.

"రోజూ మూడు కొట్టేవాణ్ణి. మానలేకపోయాను. ఎందుకు కొట్టానో అప్పుడు తెలియలేదు. తర్వాత తెలిసింది, వాళ్ళేమనుకున్నారో. తవ్వుతున్నారనుకున్నారు తల్లీ. మూడు దెబ్బలు వినపడినప్పుడల్లా, ఇదిగో దగ్గరికొచ్చేశారనుకున్నారు. గోడ కడుతున్న చప్పుడు విని కూడా అదే అనుకుని ఉంటారు."

ఆయన వేళ్ళు ముడుస్తూ చెప్పాడు. ఏడు. ఏడు. ఆరు. ఐదు. ఐదు. నాలుగు. రెండు.

"పన్నెండో రాత్రి ఒక్కటి. ఒక్కటే దెబ్బ. సన్నగా. పదమూడో రోజు నేను రాలేదు. పని మానేసి కప్పులు వేసే మేస్త్రీ దగ్గర చేరిపోయాను. కొండకి దూరంగా, నేలకి దూరంగా... ఎంత ఎత్తు కప్పైతే అంత ఇష్టంగా ఎక్కేవాణ్ణి. నలభై ఏళ్ళు ఈ గేటు ముఖం చూళ్ళేదు."

"మరి ఇప్పుడెందుకు?" అంది. ఈసారి టార్చి తీసి తన నోటి మీద పెట్టుకుంది.

ఆయన సిగ్గుపడ్డాడు. పెద్ద వయసు మనిషి అలా సిగ్గుపడటం ఆవిడ ఎప్పుడూ చూళ్ళేదు.

"చెవులు పోయాయి కదా. అప్పుడొచ్చింది ధైర్యం. జవాబొచ్చినా నాకు వినపడదని."

తర్వాత సుత్తి ఒళ్ళో పెట్టుకుని అన్నాడు.

"ఇరవై ఏళ్ళ నుంచి వచ్చి కొడుతున్నాను. వాడు ఆగాడో లేదో తెలియదు. ఆ ఆఖరివాడు. నీ చెవులు మంచివి. ఒక్కసారి విని చెప్పు తల్లీ. నేనెంతకాలమో ఉండను."

వద్దు అనాలనుకుంది ఆవిడ. ఇందులో వినడానికేముంది, అరవై మూడేళ్ళ కిందటి మాట, రండి తాతా ఇంటికి వెళ్దాం అనాలనుకుంది. ఆయన అప్పటికే సుత్తి ఎత్తాడు.

టక్... టక్... టక్.

ఆవిడ గోడకి చెవి ఆనించింది. రాయి మంచుగడ్డలా ఉంది.

నీళ్ళు. ఎక్కడో లోపల నీళ్ళు కదులుతున్నాయి. అంతే. సొరంగం ఎప్పుడో నీళ్ళతో నిండిపోయి ఉంటుంది. ఊపిరి వదలబోయింది —

టక్.

లోపల్నించి. చాలా లోపల్నించి.

ఒక్కటి.

నీటి చుక్క అనుకుంది. చుక్కే. పైనుంచి పడి ఉంటుంది. ఆయన వైపు చెయ్యి చూపించి ఆగమంది. నిమిషం. రెండు నిమిషాలు. ఐదు. చెవి గోడకే ఉంది. చుక్క పడలేదు. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. మెడ నొప్పెట్టింది. చెయ్యి దించి, కొట్టమని సైగ చేసింది.

టక్... టక్... టక్.

గుండె ఆరుసార్లు కొట్టుకునేంత సేపు.

టక్.

ఆవిడ గోడ నుంచి వెనక్కి జరిగింది. ఒళ్ళంతా చల్లబడిపోయింది. ఎదురుగా ముసలాయన, పెదాలు కొద్దిగా తెరుచుకుని, బడిలో మార్కులు చెప్పేదాకా ఆగే పిల్లాడిలా చూస్తున్నాడు.

ఏం చెప్పాలి?

ఎనభై ఐదేళ్ళ మనిషి. చలిలో, గుట్టలెక్కి, రోజూ. ఒక్క మాట చాలు, ఈయన ఇంటికెళ్ళి పడుకుంటాడు. ఇన్నాళ్ళకి పడుకుంటాడు.

టార్చి ఎత్తి తన మొహానికి దగ్గరగా పట్టుకుంది, పెదాలు స్పష్టంగా కనపడేలా.

"ఏమీ లేదు తాతా" అంది, నిదానంగా. "ఆగిపోయింది. ఎప్పుడో ఆగిపోయింది. అంతా నిశ్శబ్దంగా ఉంది."

ఆయన చూశాడు. పెదాల దగ్గర మొదలుపెట్టి, కళ్ళ దాకా. కళ్ళ దగ్గర ఆగిపోయాడు.

టార్చి వెలుతురులో ఆవిడ కళ్ళు తిప్పుకోలేకపోయింది.

"నీ నోరు లేదంది తల్లీ" అన్నాడు నెమ్మదిగా. "నీ మొహం ఉందంది."

ఆయన చెయ్యి చాచి, టార్చి మీట నొక్కి ఆర్పేశాడు.

చీకటి. మంచు. ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరలో ఇద్దరు మనుషులు.

"వెళ్ళు" అన్నాడు గుసగుసగా. "మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది. నేనింకాసేపు ఉంటాను. వాణ్ణొక్కణ్ణి వదిలేసి ఒకసారి పోయాను కదా."

ఆవిడ వెళ్ళలేదు. చీర కొంగో, శాలువో, ఏది చేతికందితే అది చుట్టూ బిగించుకుని ఆయన పక్కన నేల మీద కూర్చుంది. రాయి మీద, అమ్మమ్మ నిలబడి పారిపోయిన చోట.

సుత్తి లేచిన గాలి మొహానికి తగిలింది.

టక్... టక్... టక్.

ఇద్దరూ ఆగారు. ఆయన వినడానికి కాదు — ఆవిడ వినేదాకా.

వచ్చింది.

చెప్పాలంటే చీకట్లో ఆయనకి పెదాలు కనపడవు. టార్చి వెతకాలనిపించలేదు. చీకట్లో తడుముకుని ఆయన చెయ్యి పట్టుకుంది. ఎముకలు, చర్మం, చలికి కొయ్యలా బిగుసుకుపోయిన వేళ్ళు.

ఒక్కసారి నొక్కింది.